రాబందుల కిడ్నీల్లో దొరికిన జవాబు

రాజస్థాన్‌లోని భరత్‌పూర్ దగ్గర కేవలాదేవ్ నేషనల్ పార్కులో 1987-88లో విభు ప్రకాశ్ 353 తెల్లవీపు రాబందుల గూళ్లు లెక్కపెట్టారు. ఆయన బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ శాస్త్రవేత్త. పదేళ్లు తిరిగేసరికి అందులో సగం కూడా లేవు. ఉన్నవి కూడా మెడ వేలాడేసుకుని రోజుల తరబడి కొమ్మ మీదే కూర్చుని, చివరికి కింద పడి చచ్చిపోయేవి.

మొదటి అనుమానం పురుగు మందుల మీదకే పోయింది. డీడీటీ వల్ల గద్దల గుడ్ల పెంకులు పలచబడి చితికిపోయిన సంగతి అప్పటికే లోకానికి తెలుసు. ఏదైనా వైరస్ కావచ్చని కూడా అనుకున్నారు.

2000లో పాకిస్తాన్‌లోని పంజాబ్‌లో అమెరికా పశువైద్య శాస్త్రవేత్త లిండ్సే ఓక్స్ బృందం చచ్చిన రాబందులను కోసి చూడటం మొదలుపెట్టింది. చాలావాటి గుండె, కాలేయం మీద సున్నం పూసినట్టు తెల్లటి పొర కనిపించింది. అది యూరిక్ ఆమ్లం. మన ఒంట్లోని వ్యర్థం యూరియాగా మూత్రంలో పోతుంది. పక్షుల్లో అది యూరిక్ ఆమ్లంగా కిడ్నీల ద్వారా బయటికి రావాలి. కిడ్నీలు ఆగిపోతే రక్తంలోనే పేరుకుని, అవయవాల మీద గడ్డకడుతుంది. పక్షికి ఇక రోజులే.

కిడ్నీలను ఆపింది ఏమిటి? పురుగు మందులకూ పాదరసానికీ కాడ్మియానికీ పరీక్షలు చేశారు. వాటిలో ఏదీ కారణం కాదని తేలింది. అప్పుడు వాళ్లు ప్రశ్ననే మార్చుకున్నారు: రాబందులు తినేది చచ్చిన పశువుల్ని కదా, మరి ఆ పశువులకు ఏం ఇస్తున్నారు? పశువుల డాక్టర్లనూ మందుల షాపులవాళ్లనూ కలిపి 74 మందిని అడిగితే అందరి దగ్గరా ఉన్న మందు డైక్లోఫెనాక్. మనం ఒళ్లు నొప్పులకు వేసుకునేదే. కిడ్నీలు చెడి చనిపోయిన 25 రాబందుల్లోనూ ఆ మందు దొరికింది. ఇతర కారణాలతో చనిపోయిన 13లో ఒక్కదానిలోనూ లేదు. 2004లో ఈ ఫలితం వెలువడింది.

నాకు ఇప్పటికీ మింగుడుపడని లెక్క ఒకటుంది. నూటికి ఒక్క కళేబరంలో కూడా ప్రాణం తీసేంత మందు ఉండక్కర్లేదు, జాతి మొత్తం కూలిపోవడానికి అంతకంటే తక్కువే చాలు. ఒకే కళేబరం మీద పదుల కొద్దీ పక్షులు వాలుతాయి మరి. 1992తో పోలిస్తే 2007 నాటికి మన దేశంలో తెల్లవీపు రాబందులు 99.9 శాతం తగ్గిపోయాయి.

2006లో భారత్ పశువులకు వాడే డైక్లోఫెనాక్ తయారీని ఆపింది. రాబందులకు హాని చేయని మెలాక్సికామ్ అనే నొప్పి మందు అదే ఏడాది ప్రత్యామ్నాయంగా తేలింది. అయినా మనుషుల కోసం తయారైన పెద్ద సీసాల్లోని ఇంజెక్షన్ పశువులకు ఎక్కుతూనే వచ్చింది. ఆ సీసాను 3 మిల్లీలీటర్లకు పరిమితం చేయడానికి 2015 వరకు పట్టింది. పశువు ఒంట్లో డైక్లోఫెనాక్‌గా మారిపోయే అసిక్లోఫెనాక్‌నూ, దాంతోపాటు రాబందులకు ప్రమాదకరమైన మరో నొప్పి మందు కీటోప్రొఫెన్‌నూ పశువులకు వాడకుండా 2023లో గానీ నిషేధించలేదు. మందును మార్కెట్లోకి వదిలే ముందే రాబందుల మీద దాని ప్రభావం చూసి ఉంటే ఇన్నేళ్లు పోయేవి కావు.

తెలంగాణలో బెజ్జూరు అడవిలోని పాలరాపు గుట్ట మీద 2013లో పొడుగు ముక్కు రాబందులు గూళ్లు కట్టుకుని కనిపించాయి. అప్పట్లో వాటికి ఆహారం ఆ చుట్టుపక్కల ఊళ్ల పశువుల కళేబరాల నుంచి దొరికేది.