డయాలసిస్ సూది నొప్పి: అపోహలు, వాస్తవాలు

నేను డయాలసిస్ టెక్నీషియన్‌ను. నా పని మొదలయ్యేదే సూదితో. వారానికి మూడుసార్లు, ప్రతిసారీ రెండు సూదులు, అంటే ఒక మనిషికి ఏడాదికి 312 పోట్లు. రక్తపరీక్షకు వాడే సూదికి ఇవి దాదాపు రెట్టింపు లావుంటాయి. ఉద్దానం నుంచి వచ్చిన కొబ్బరి రైతు అయినా, నగరంలో ఉద్యోగం చేసుకునే యువకుడైనా ఆ క్షణంలో ముఖం పక్కకు తిప్పుకుంటారు. ఈ నొప్పి చుట్టూ అల్లుకున్న కొన్ని నమ్మకాల గురించి చెప్పాలి.

అపోహ: "జీవితాంతం తప్పనిది, ఓర్చుకోవడమే మార్గం."

ఈ మాట రోగి కంటే ఇంటివాళ్లే ఎక్కువగా అంటారు. నిజానికి చర్మాన్ని మొద్దుబరిచే లిడోకెయిన్, ప్రిలోకెయిన్ కలిసిన క్రీము ఉంది. డాక్టర్‌ను అడిగి రాయించుకోండి. సూదికి కనీసం గంట ముందు మందంగా పూసి, పైన పల్చటి ప్లాస్టిక్ పొర కప్పాలి. మా దగ్గరికి వచ్చి కుర్చీలో కూర్చున్నాక పూస్తే పనిచేయదు. అందుకే ఈసారి సూదులు ఎక్కడ వేస్తారో ముందుసారే అడిగి తెలుసుకుని, ఇంట్లోనే పూసుకుని బయలుదేరండి. వచ్చాక ఆ చేతిని సబ్బుతో కడుక్కోవాలి. ఇది అలవాటుగా మారే మత్తు కాదు, పై చర్మం వరకే దాని ప్రభావం. క్రీము అందుబాటులో లేకపోతే రెండో చేతి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య కొన్ని నిమిషాలు ఐసు రుద్దినా కొందరికి నొప్పి తగ్గుతుంది.

అపోహ: "ఎప్పుడూ గుచ్చే చోటే గుచ్చితే మంచిది."

"అక్కడే వెయ్యి నాయనా, అక్కడైతే నొప్పి తెలియదు" అని ఒక పెద్దావిడ ప్రతిసారీ అడిగేవారు. కొత్తలో నేను సరేననేవాణ్ణి. అది దయ అనుకున్నాను. పదేపదే గుచ్చిన చోట చర్మం మచ్చకట్టి స్పర్శ తగ్గుతుంది, నిజమే. కానీ అదే చోట రక్తనాళం గోడ సడలి బుడగలా ఉబ్బుతుంది, పైచర్మం పల్చబడుతుంది. అది పగిలితే నిమిషాల్లో ప్రాణం మీదికి వస్తుంది. ఆవిడ చేతి మీద ఉబ్బు మెరుస్తూ కనిపించిన రోజున నాకు భయం వేసింది. ఇప్పుడు ఎవరు ఎంత బతిమాలినా నిచ్చెన మెట్లలా ప్రతిసారీ చోటు మారుస్తూ వెళ్తాను. కొత్త చోట కాస్త ఎక్కువే నొప్పి పుడుతుంది. క్రీము అవసరం అక్కడే. ఒకే రంధ్రంలో మొద్దు సూది వేసే మరో పద్ధతి ఉంది కానీ, దానికి శిక్షణ కావాలి, అందులో ఇన్ఫెక్షన్ ముప్పు కూడా ఎక్కువ.

"మెడలో గొట్టం ఉంటే సూదులే అక్కర్లేదు కదా" అనేవారికి ఒక్క మాట. ఆ గొట్టం ద్వారా రక్తంలోకి ఇన్ఫెక్షన్ చేరే ప్రమాదం ఫిస్టులా (సూదులు వేయడానికి చేతిలో ధమనినీ సిరనూ ఆపరేషన్‌తో కలిపి చేసే ఏర్పాటు) కంటే చాలా ఎక్కువ. ఫిస్టులా వేయించుకోగలిగినవారు సూదికి భయపడి దాన్ని వదులుకోవద్దు. ఇంటి దగ్గర డైక్లోఫినాక్, ఐబుప్రోఫెన్ లాంటి నొప్పి మాత్రలు వేసుకుని రావడం కూడా వద్దు. మిగిలి ఉన్న కాస్త కిడ్నీ పనితీరును అవి దెబ్బతీస్తాయి, కడుపులో రక్తస్రావానికీ దారితీయవచ్చు.

అపోహ: "నొప్పి అంటే సిబ్బంది విసుక్కుంటారు."

విసుక్కునేవారు ఉన్నారు, అది మా తప్పు. అయినా చెప్పండి. యంత్రం నిమిషానికి సుమారు 300 మిల్లీలీటర్ల రక్తాన్ని తిప్పుతుంది. సూది కొస నాళం గోడను చీల్చుకుని బయటికి వస్తే ఆ రక్తమంతా కండలోకి పోతుంది. సూది దిగాక కూడా మంట, బిగువు, వాపు ఉంటే మొదట తెలిసేది మీకే. వెంటనే పిలవండి, పంపు ఆపేస్తాం. మధుమేహం వల్ల స్పర్శ తగ్గినవారికి ఆ నొప్పీ తెలియకపోవచ్చు. చలిగా ఉన్నా సరే, వారి చేతి మీద దుప్పటి కప్పకండి. సూదులున్న చోటు డయాలసిస్ జరిగే నాలుగు గంటలూ మాకు కనిపిస్తూ ఉండాలి.