పూల్ మెట్లలో ఇసుక ఎందుకు?

అమెరికాలో, అందులోనూ డాలస్, హ్యూస్టన్ లాంటి ఎండ మండే ఊళ్లలో, జూన్ వచ్చిందంటే చాలు మనవాళ్ల కబుర్లలో పెరటి స్విమ్మింగ్ పూల్ మాట దొర్లుతుంది. గొయ్యి తవ్వి సిమెంటుతో కట్టించే పూల్‌కి అయ్యే ఖర్చు వింటే కళ్లు తిరుగుతాయి కాబట్టి, చాలామంది చివరికి నేల మీద నిలబెట్టే పూల్ దగ్గరికే వస్తారు. పలచటి రేకు గోడని గుండ్రంగా నిలబెట్టి, లోపల వినైల్ లైనర్ (నీళ్లు కారకుండా పరిచే ప్లాస్టిక్ షీటు) పరిచి, నీళ్లు నింపేయడమే. (మీ కాలనీ హెచ్ఓఏ, అంటే ఇళ్ల యజమానుల సంఘం, ఒప్పుకుంటుందో లేదో ముందు కనుక్కోండి, చాలాచోట్ల వీటిని రానివ్వరు.) పంపు గురించీ, ఫిల్టర్ గురించీ రాత్రిళ్లు కూర్చుని రివ్యూలు చదివిన మనిషే మెట్ల దగ్గరికి వచ్చేసరికి ఎంత బరువు ఆపుతాయో ఒక్క ముక్క చూసి, ఉన్నవాటిలో చవకవి కొనేస్తాడు. ఒకదాని మీద 300 పౌన్లని, ఇంకోదాని మీద 400 అని రాసి ఉంటుంది. ఆ అంకె అవసరమే. కాకపోతే ఈ మెట్లకి అసలు పరీక్ష పెట్టేది ఎక్కే మనిషి కంటే చుట్టూ ఉన్న నీళ్లు.

ముందు గోడ సంగతి చూద్దాం. 24 అడుగుల వెడల్పున్న గుండ్రటి పూల్‌లో 4 అడుగుల నీళ్లు నింపితే దాదాపు 51 వేల లీటర్లు, అంటే 51 టన్నులు. అడుగున, గోడ మీద ప్రతి చదరపు అడుగుకీ 110 కిలోలకి పైగా ఒత్తిడి పడుతుంది. ఈ ఒత్తిడికి పూల్ వెడల్పుతో సంబంధం లేదు, లోతు ఎంతన్నదే లెక్క. పిల్లల పూల్ అయినా పెద్ద చెరువైనా 4 అడుగుల లోతులో ఒత్తిడి ఒకటే. వెడల్పు పెరిగితే పెరిగేది గోడలోని లాగుడు: నీళ్లు అన్నివైపులా బయటికి తోస్తుంటే రేకు చుట్టూ బిగుసుకుని ఆ తోపుని కాస్తుంది. మిల్లీమీటరు మందం కూడా లేని రేకు అన్ని టన్నుల నీళ్లని ఆపగలిగేది అందుకే, లాగితే అది గట్టిది. అదే రేకుని పక్కనుంచి ఒకచోట పొడిచినా, పైనుంచి బరువు మోపినా సొట్ట పడుతుంది, మడత పడుతుంది. అందుకని గోడకి నిచ్చెన ఆనించకూడదు. నిచ్చెన గోడకి అటూ ఇటూ రెండు కాళ్లు చాపి, గోడని తాకకుండా దాటాలి, ఏ-ఫ్రేమ్ అనేది అలా పుట్టిందే. పూల్ పక్కన డెక్ (చెక్క అరుగు) కట్టించుకున్నవాళ్లకయితే మెట్ల పైభాగాన్ని డెక్ చెక్కకి స్క్రూలతో బిగిస్తారు, గోడ జోలికి పోయే పనే ఉండదు.

ఇక నీళ్లలో దిగే భాగం. దుకాణంలో దొరికే లోపలి మెట్లు చాలావరకు హెచ్‌డీపీఈ లాంటి ప్లాస్టిక్‌తో, డొల్లగా చేసినవి. ఈ ప్లాస్టిక్ సాంద్రత నీటి కంటే కాస్త తక్కువ, నీటిది 1 అనుకుంటే దీనిది దాదాపు 0.95. మన కోనేటి మెట్లకి ఈ బాధ లేదు. గ్రానైట్ నీటికి రెండున్నర రెట్ల పైనే బరువు, దాన్ని ఎవరూ పట్టుకోనక్కర్లేదు, దాని పాటికది శతాబ్దాలు కూర్చుంటుంది. ప్లాస్టిక్ మెట్లని నీళ్లలోకి దింపి చూడండి, ఒక పక్క మునుగుతుంది, రెండో పక్క లేస్తుంది, మీరు ఇటు నొక్కితే అటు తేలుతుంది. 30 కిలోల మెట్లు పూర్తిగా మునిగి లోపలంతా నీళ్లు నిండితే, ప్లాస్టిక్ వల్ల పైకి వచ్చే తోపు ఒకటిన్నర కిలో మాత్రమే. అదేమంత లెక్క కాదు. లోపల చిక్కుకున్న గాలితోనే గొడవంతా. 10 లీటర్ల గాలి ఎక్కడైనా మిగిలిపోయిందంటే 10 కిలోల తోపు, అదీ సాధారణంగా పైమెట్టు అడుగున చేరుతుంది కాబట్టి మెట్లు తలకిందులవ్వాలని చూస్తాయి.

దింపడంలో ఉన్న పనితనమంతా ఇక్కడే ఉంది. మెట్లని నిలువుగా తీసుకెళ్లి ధబీమని నీళ్లలో పెట్టేస్తే గాలి లోపలే ఉండిపోతుంది. ఇద్దరు పట్టుకుని, పక్కకి వాల్చి, డొల్లలోకి నీళ్లు పోయే రంధ్రం ఉన్న వైపు పైకి వచ్చేలా మెల్లగా ముంచాలి. కాసేపు బుడబుడమని పెద్ద బుడగలు వస్తాయి, తర్వాత చిన్నవి, తర్వాత ఎప్పుడో ఒకటి. అప్పుడు ఇంకో పక్కకి వాల్చండి, మళ్లీ గుప్పున బుడగలు లేస్తాయి, ఏదో మూల దాక్కున్న గాలన్నమాట. అది కూడా ఆగిపోయాక నిలబెట్టి, పైమెట్టు మీద అరచేత్తో నొక్కి వదలండి. వదలగానే పైకి లేచిందా, ఇంకా గాలి ఉంది.

గాలి మొత్తం పోయినా సరే, తేలకుండా ఉండటం ఒక్కటే చాలదు. పిల్లలు రెయిలింగ్ పట్టుకుని ఊగుతారు, ఎవరో ఒకరు మెట్టు మీదనుంచి దూకుతారు, దూకినప్పుడు కాలు మెట్టుని వెనక్కి తంతుంది. అడుగు కదలకుండా పట్టి ఉంచేది రాపిడి, ఆ రాపిడి రావాలంటే కింద నేల మీద బరువు ఉండాలి. అందుకే మెట్ల డొల్లలో ఇసుక సంచులు.

ఇక్కడ చాలామంది మర్చిపోయే లెక్క ఒకటుంది. బయట తూచిన బరువు నీళ్లలో ఉండదు. ఇసుక రేణువు సాంద్రత 2.65 కాబట్టి, 50 పౌన్ల సంచి, అంటే 22.7 కిలోలు, నీళ్లలో మునిగాక కిందికి నొక్కేది 14 కిలోలే. అదీ రేణువుల మధ్యకి నీళ్లు పోతేనే. పొడి ఇసుకని ప్లాస్టిక్ కవర్లో పోసి గాలి చొరకుండా సీలు వేసి పెట్టారనుకోండి, రేణువుల మధ్య గాలి అలాగే ఉండిపోయి, అదే సంచి ఎనిమిదిన్నర కిలోల పని మాత్రమే చేస్తుంది. డబ్బులు పోసి కొన్న బరువులో సగం కంటే ఎక్కువ నీళ్లపాలన్నమాట! ఇసుకని ముందే బాగా తడిపి, గాలి పిండేసి, మూతి కట్టాలి. సంచి మీద సంచి వేస్తే ఇంకా మంచిది, ఎందుకంటే చిరిగి ఇసుక బయటికి వస్తే అది లైనర్ మీద గరుకు కాగితంలా పనిచేస్తుంది. ఎన్ని సంచులు పెట్టాలో మెట్లతో వచ్చిన కాగితంలో రాసి ఉంటుంది, అంతకు తగ్గించకండి.

ఇసుక బదులు ఇంట్లో పడి ఉన్న ఇనుప ముక్కలు వేస్తే? బరువు పరంగా ఇనుము బ్రహ్మాండం, నీళ్లలో కూడా తన బరువులో 87 శాతం నిలుపుకుంటుంది. కానీ క్లోరిన్ నీళ్లలో తుప్పు పట్టి, లైనర్ మీద గోధుమరంగు మరక వేస్తుంది, అది ఏం చేసినా ఒక పట్టాన పోదు. సిమెంటు ఇటుకలు పెడదామంటే అంచులు లైనర్ని కోస్తాయి, పైగా సిమెంటులోని సున్నం నీటి పీహెచ్‌ని పెంచుతుంది. ఇసుకే నయం.

మెట్ల కింద పరిచే ప్యాడ్ విషయంలో పిసినారితనం వద్దు. లైనర్ మందం ఒక మిల్లీమీటరు లోపే. మెట్ల కాలికీ లైనర్‌కీ మధ్య ఒక్క రాయి చిక్కినా, ప్రతిసారీ ఎవరో ఎక్కుతుంటే అక్కడే పోటు పడుతుంది. పూల్ కోసమే అమ్మే మెత్తటి వినైల్ ప్యాడ్ వేయండి, పాత రబ్బరు డోర్‌మ్యాట్ వేస్తే రబ్బరులోని రసాయనాలు వినైల్‌లోకి ఇంకి మరక పడే ప్రమాదం ఉంది.

నిచ్చెనా, మెట్లా అన్నది ఎవరు ఎక్కుతారన్న దాన్ని బట్టి తేల్చుకోవాలి. ఛాతీ లోతు నీళ్లలో మనిషికి తన బరువులో మూడో వంతు మాత్రమే కాళ్ల మీద ఉంటుంది, నడుము లోతుకి వస్తే దాదాపు సగం. పైకి వస్తున్న కొద్దీ ప్రతి మెట్టు దగ్గరా కొంత బరువు తిరిగి మోకాళ్ల మీదకి వచ్చి చేరుతుంది, అంటే కష్టమంతా చివరి రెండు మెట్ల దగ్గరే, సరిగ్గా ఒళ్లు తడిసి పాదాలు జారే చోటే. కుర్రాళ్లకి నిటారు నిచ్చెన చాలు. వేసవికి వచ్చి ఆరు నెలలుండే అమ్మానాన్నల్ని కూడా దింపాలనుకుంటే మాత్రం వెడల్పు మెట్లు, రెండువైపులా రెయిలింగ్ ఉన్నవి తీసుకోండి, అదీ పైమెట్టు దాటి ఇంకా పైదాకా వచ్చే రెయిలింగ్. మోకాలి నొప్పి ఉన్నావిడ "నేను గట్టున కూర్చుంటాలేరా" అన్నదంటే ఆవిడకి నీళ్లంటే భయమనుకోకండి, సగంసార్లు భయమంతా ఆ నిచ్చెన మీదే.

మెట్టు ఎత్తుకి ఒక పాత సూత్రం ఉంది. 17వ శతాబ్దపు ఫ్రెంచి వాస్తుశిల్పి బ్లోండెల్ చెప్పింది: మెట్టు ఎత్తుకి రెట్టింపు, దానికి మెట్టు మీద పాదం ఆనే వెడల్పు కలిపితే మనిషి అంగ అంత రావాలి, అంటే రమారమి 24, 25 అంగుళాలు. పూల్ మెట్లు దీన్ని పూర్తిగా పాటించవు, చోటు చాలదు. కానీ మెట్లన్నీ ఒకే ఎత్తులో ఉన్నాయో లేదో టేపు పెట్టి చూడండి. కాలు మొదటి రెండు మెట్లతో ఎత్తుని గుర్తుపెట్టేసుకుంటుంది, మూడోది తేడాగా ఉంటే తడబడుతుంది. దానికి తోడు నీళ్లు కంటిని మోసం చేస్తాయి. వక్రీభవనం వల్ల 12 అంగుళాల లోతున్న మెట్టు పైనుంచి చూస్తే 9 అంగుళాల లోతులోనే ఉన్నట్టు కనిపిస్తుంది, ఏటవాలుగా చూస్తే ఇంకా పైకి. తెల్లటి మెట్లు, లేత నీలం లైనర్, పైన ఎండ తళతళ, ఇక అంచు ఎక్కడుందో ఎవరికి తెలుస్తుంది? అంచు ముదురు రంగులో ఉన్న మెట్లు దొరికితే పది డాలర్లు ఎక్కువైనా తీసుకోవచ్చు.

మెట్ల వెనక చెయ్యి పెట్టి చూస్తే, కొన్ని వారాలకే జిగటగా తగులుతుంది. ఆల్గే, అంటే పాచి. పంపు నీళ్లని పూల్ అంతా తిప్పుతుంది కానీ మెట్ల వెనక ఉన్న మూలకి ఆ ప్రవాహం అందదు, క్లోరిన్ అక్కడికి సరిగా చేరదు, ఉన్నది అక్కడే ఖర్చయిపోతుంది. అందుకే మెట్ల పక్క గోడల్లో నీళ్లు పారే రంధ్రాలు ఉండాలి. ఆ రంధ్రాలు మరీ పెద్దవైతే నీళ్లలో ఈదే పిల్లాడు మెట్ల వెనక్కి దూరి ఇరుక్కుంటాడు. 4 అంగుళాల బంతి దూరకూడదన్నది అమెరికాలో పూల్ చుట్టూ వేసే కంచెలకి వాడే కొలత, మెట్లు కొనేటప్పుడు కూడా నేను దాన్నే పట్టుకుంటాను.

ఇప్పుడు గోడకి బయటివైపు. లోపలి మెట్ల మీద పెట్టిన శ్రద్ధలో సగం కూడా దీని మీద పెట్టరు, నాకు ఒళ్లు మండేది ఇక్కడే. అమెరికాలో 1 నుంచి 4 ఏళ్ల పిల్లల మరణాలకి మొదటి కారణం నీళ్లలో మునగడం. 4 అడుగుల గోడ స్వతహాగా మంచి అడ్డే, రెండేళ్ల పిల్ల దాన్ని ఎక్కలేదు. ఆ అడ్డుని తీసేసేది మనం పెట్టిన నిచ్చెనే. పూల్ వాడనప్పుడు బయటి నిచ్చెనని తీసేయాలి, లేదా పైకి మడిచి తాళం వేయాలి, లేదా చుట్టూ గేటు ఉండాలి. "ఐదు నిమిషాల్లో మళ్లీ వస్తాం కదా" అని వదిలేసే ఐదు నిమిషాలే ప్రమాదం. నిచ్చెన తీసేసినా, గోడకి దగ్గరగా పెట్టిన పంపు, కుర్చీ, ఏసీ యూనిట్ కూడా మెట్టే అవుతుంది. 2025 జూలైలో అమెరికా వినియోగదారుల భద్రతా సంస్థ సీపీఎస్‌సీ 48 అంగుళాలు, అంతకు మించి ఎత్తున్న దాదాపు 50 లక్షల పూల్స్‌ని రీకాల్ చేయించింది. కారణం, పూల్‌ని నిలబెట్టే కాళ్లని చుట్టి బిగించే ఒక పట్టీ. అది బయటివైపు ఉండటంతో చిన్నపిల్లలు దాని మీద కాలు పెట్టి ఎక్కే వీలుంది, అలా ఎక్కి తొమ్మిది మంది పిల్లలు మునిగిపోయారని ఆ సంస్థ భావిస్తోంది. పాత పూల్ సెకండ్‌హ్యాండ్‌లో కొంటుంటే ఆ జాబితా ఒకసారి చూసుకోండి.

ఉప్పు పూల్ (నీళ్లలో కలిపిన ఉప్పు నుంచే క్లోరిన్ తయారయ్యేది) పెట్టుకున్నవాళ్లు మెట్లలోని స్క్రూలు చూడాలి. సముద్రంలో ఉన్న ఉప్పులో పదో వంతు కూడా ఉండదు గానీ, లోహాన్ని కొరకడానికి అది చాలు. ప్లాస్టిక్ మెట్లకి స్టెయిన్‌లెస్ స్క్రూలు ఉంటే బెంగ తక్కువ.

టెక్సస్‌లో మెట్లు ఏడాదంతా నీళ్లలోనే ఉంచేసేవాళ్లున్నారు. న్యూజెర్సీ, మిషిగన్ వైపు అలా కుదరదు. గడ్డకట్టినప్పుడు నీళ్లు 9 శాతం దాకా ఉబ్బుతాయి, డొల్ల మెట్లలో నీళ్లు నిండి ఉంటే ప్లాస్టిక్ పగులుతుంది, పక్కనున్న లైనర్ కూడా దెబ్బతింటుంది. అక్టోబర్‌లో తీసేయండి. ముందు ఇసుక సంచులు ఒక్కొక్కటీ బయటికి తీయాలి, తర్వాత నీళ్లు పోయే రంధ్రానికున్న బిరడా విప్పి, మెట్లని అంగుళం అంగుళం పైకి లేపుతూ లోపలి నీళ్లని పూల్‌లోకే కారనివ్వాలి. ఒక్కసారిగా లాగితే లోపల ఉన్న నీళ్ల బరువంతా మీ నడుము మీద పడుతుంది.