తలంబ్రాల దగ్గర వీడియో ఎందుకు గెంతుతుంది?

కడపలో మా వీధి చివర పెళ్లి వీడియోలు మిక్సింగ్ చేసే కుర్రాడి దగ్గర మొన్న కాసేపు కూర్చున్నాను. దేవుని కడపలో జరిగిన పెళ్లి అది. కెమెరాతో తీసింది నీళ్లలా సాగిపోతోంది. మధ్యలో పెళ్లికూతురి అన్న ఫోన్‌లో తీసిన ముక్క వచ్చింది. అంతే, తలంబ్రాల బియ్యం జారడం మానేసి గెంతుకుంటూ పడ్డాయి. "ఫోన్‌దేమో థర్టీ అన్నా, మనదేమో ట్వంటీఫైవ్. యాడ కుదుర్తాది?" అన్నాడు.

ఈ 30, 25 అంటే సెకనుకు తీసే ఫ్రేములు, అంటే విడి బొమ్మలు. ఇవి కెమెరా కంపెనీలకు తోచిన అంకెలు కావు. కరెంటు పెట్టిన అంకెలు. మన ఇళ్లలో కరెంటు 50 హెర్ట్జ్, అంటే సెకనుకు 50 సార్లు ఊగుతుంది, అమెరికాలో 60. టీవీ తొలినాళ్లలో బొమ్మ మారే వేగం కరెంటు వేగంతో కలవకపోతే తెరమీద అడ్డపట్టీలు పాకేవి. అందుకని ఇంజినీర్లు రెండింటినీ జతకట్టేశారు. అమెరికా 1941లో ఒక్కో బొమ్మకు 525 అడ్డగీతలు, సెకనుకు గీత విడిచి గీత వేసే 60 అరబొమ్మలు, అంటే 30 ఫ్రేములు ఖాయం చేసుకుంది. యూరప్‌లో చాలా దేశాలు తర్వాత 625 గీతలు, 25 ఫ్రేముల దగ్గర స్థిరపడ్డాయి.

రంగులు వచ్చాక చిక్కు ముదిరింది. 1953లో అమెరికా ఒప్పుకున్న ఎన్‌టీఎస్‌సీ పద్ధతిలో రంగు సిగ్నల్, ధ్వని సిగ్నల్ ఒకదానికొకటి అడ్డు తగలకుండా 30 ఫ్రేములను 29.97కు తగ్గించారు. ఆ చిల్లరను పట్టించుకోకుండా లెక్కపెడితే గంటకు 108 ఫ్రేములు తేడా వస్తుంది. జర్మనీలో టెలిఫంకెన్ కంపెనీ ఇంజినీరు వాల్టర్ బ్రూఖ్ రూపొందించిన పాల్ అనే రంగుల పద్ధతి, ఫ్రాన్స్ వాళ్ల రంగుల పద్ధతి సెకాం రెండూ 1967లో ప్రసారాల్లోకి వచ్చాయి. మన దూరదర్శన్ 1959లో ఢిల్లీలో మొదలైనా, రంగులు చూసింది 1982లో, ఆసియా క్రీడల ఏడాది. మనం తీసుకున్నది పాల్.

ఇదంతా కడపకు ఎక్కడ తగిలిందంటే, క్యాసెట్లలో. రాజంపేట, రాయచోటి వైపు నుంచి కువైట్ వెళ్లినవాళ్లకు పెద్ద ఇబ్బంది లేదు, అక్కడా పాలే. సౌదీలో అప్పట్లో సెకాం. గీతలూ వేగమూ మనవే కాబట్టి అక్కడ రికార్డు చేసిన క్యాసెట్ ఇక్కడ బొమ్మ నిలకడగానే చూపించేది, రంగు మాత్రం ఉండదు. అసలు గొడవ అమెరికాతో. 1998లో మా చిన్నాన్న కొడుకు అక్కడినుంచి బిడ్డ నామకరణం క్యాసెట్ పంపాడు. ఇంటిల్లిపాదీ టీవీ ముందు కూర్చుంటే బొమ్మ పైకి పైకి దొర్లింది, అదీ తెలుపు నలుపులో. చివరికి గల్ఫ్ నుంచి అన్ని పద్ధతుల క్యాసెట్లూ ఆడించే మల్టీ సిస్టమ్ డెక్ తెచ్చుకున్నాయన ఇంటికి పోయి చూశాం. నానమ్మకు బిడ్డ ముఖం కనబడింది, అది చాలనుకుంది.

ఒక పద్ధతిలోంచి ఇంకోదానికి మార్చడానికి మొదట్లో చేసిన పని వింటే నవ్వొస్తుంది. ఒక పద్ధతి టీవీలో బొమ్మ వేసి, దానికెదురుగా ఇంకో పద్ధతి కెమెరా పెట్టి మళ్లీ తీయడమే. 1968 మెక్సికో ఒలింపిక్స్ నాటికి బీబీసీ దగ్గర ఎలక్ట్రానిక్ కన్వర్టర్ ఉంది. గీతలు మార్చడం దానికి పెద్ద లెక్క కాదు. కష్టమంతా కాలంతోనే. 60ని 50 చేయాలంటే ఆరింటిలో ఒకటి పోవాలి. 50ని 60 చేయాలంటే ఐదింటికి ఒకటి పుట్టించాలి. లేని క్షణాన్ని ఎక్కడినుంచి తెస్తారు? పక్క రెంటినీ కలిపితే దయ్యంలా జంట బొమ్మ, ఉన్నదాన్నే రెండుసార్లు చూపిస్తే కుదుపు. సినిమావాళ్లు మాత్రం తేలిగ్గా తప్పించుకున్నారు. 24 ఫ్రేముల సినిమాను పాల్ కోసం 25తో పరుగెత్తించారు. 150 నిమిషాల సినిమా 144లో అయిపోతుంది, హీరో గొంతు కాస్త సన్నబడుతుంది.

హెచ్‌డీ వచ్చాక గీతల తగవు తీరింది, ఎక్కడైనా 1080. ఫ్రేముల తగవు మిగిలింది. ఫోన్లు మామూలుగా 30లో తీస్తాయి. మన వీడియోగ్రాఫర్లు 25ను వదలకపోవడం మొండితనమేమీ కాదు. మండపంలో ట్యూబులైట్లు, నాసిరకం ఎల్‌ఈడీలు సెకనుకు 100 సార్లు మినుకుతాయి. 25 ఫ్రేములు పెట్టి, ఒక్కో ఫ్రేముకు షట్టర్ సెకనులో 50వ వంతు సేపు తెరిస్తే ఆ మినుకు కనబడదు. 60వ వంతు పెడితే వెనకాల సీరియల్ సెట్లు కొట్టుకుంటాయి. కెమెరా మెనూలో ఈరోజుకీ పాల్, ఎన్‌టీఎస్‌సీ అని అడుగుతున్నది ఇందుకే.

మా కుర్రాడు ముందు ఆరో ఫ్రేమును తీసేసి చూశాడు, గెంతులు. ఫ్రేములు కలిపి చూశాడు, ప్రతి బియ్యపుగింజకూ నీడ. మధ్య ఫ్రేమును సాఫ్ట్‌వేర్‌నే ఊహించుకోమంటే వధువు వేళ్లు బియ్యంలో కరిగిపోయాయి. ఆఖరికి ఆ 30 ఫ్రేములనూ ఒక్కటీ పోనీకుండా 25 వేగంతో ఆడించాడు. పది సెకన్ల ముక్క పన్నెండైంది. తలంబ్రాలు తీరిగ్గా, స్లో మోషన్‌లో రాలాయి. బంధువుల కేకలు సాగిపోయి వినబడుతుంటే ఆ ధ్వని తీసేసి మేళం పెట్టేశాడు.