లేత్ మీద డబుల్ సైడ్ టేపు: పట్టు ఎక్కడ, బలహీనత ఎక్కడ

20 సెంటీమీటర్ల వెడల్పున్న చెక్క పళ్ళేన్ని, కర్రను తిప్పుతూ ఉలితో చెక్కే యంత్రమైన లేత్‌కు బిగించి నిమిషానికి వెయ్యి చుట్లు తిప్పితే, దాని అంచు గంటకు దాదాపు 38 కిలోమీటర్ల వేగంతో పరుగెడుతుంది. ఆ వేగంలో దానికి ఉలి ఆనించాలి. అప్పుడు ఆ చెక్కను పట్టి ఉంచేది రెండు వైపులా అంటుకునే టేపు ముక్క మాత్రమే అంటే చాలామంది నమ్మరు. కానీ లేత్ మీద కర్రను చెక్కేవాళ్ళు పళ్ళేలు, మూతలు, లాకెట్ల వంటి పలుచని వస్తువులకు ఈ పద్ధతి వాడుతూనే ఉన్నారు. స్క్రూ రంధ్రం పడదు, చెక్కను పళ్ళతో బిగపట్టే చక్ గాటు మిగలదు, జిగురు ఆరేదాకా కూర్చోనక్కర్లేదు. లేత్ ఇరుసుతో పాటు తిరిగే లోహపు పలక అయిన ఫేస్‌ప్లేట్‌కు ఒక ప్లైవుడ్ బిళ్ళను స్క్రూలతో బిగించి, దాని ముఖాన్ని చదునుగా చెక్కి, దాని మీద టేపు, టేపు మీద పనిచేయాల్సిన చెక్క. అంతే.

ఈ పట్టు ఎలాంటిదో ఆడవాళ్ళు అద్దానికి అంటించే స్టిక్కర్ బొట్టు బిళ్ళను చూస్తే తెలుస్తుంది. దాన్ని వేలితో పక్కకు నెడితే మొండికేస్తుంది. అంచు కింద గోరు దూర్చి లేపితే ఇట్టే వచ్చేస్తుంది. జిగురూ అదే, అద్దమూ అదే. పక్కకు నెట్టినప్పుడు బిళ్ళ కింద ఉన్న జిగురంతా ఒకేసారి భారం మోస్తుంది. అంచు నుంచి లేపినప్పుడు మాత్రం, ఆ క్షణాన ఊడుతున్న సన్నని గీత మీదే భారమంతా పడుతుంది. అది ఊడగానే పక్కనున్న గీత వంతు వస్తుంది.

లేత్ మీద ఈ రెండు రకాల బలాలూ ఉంటాయి. తిరుగుతున్న చెక్కను ఉలి ఆపబోతుంది. ఆ బలం టేపును మెలితిప్పుతుంది, అంటే పక్కకు నెడుతుంది. ఇది టేపుకు అనుకూలమైన దిశ. పైగా ఇక్కడ ఒక మంచి లెక్క ఉంది. గుండ్రంగా అంటించిన టేపు వ్యాసార్థాన్ని రెట్టింపు చేస్తే దాని విస్తీర్ణం నాలుగు రెట్లవుతుంది, ఇరుసు నుంచి దూరం కూడా రెట్టింపవుతుంది. రెండూ కలిస్తే మెలికను తట్టుకునే శక్తి ఎనిమిది రెట్లు పెరుగుతుంది. అందుకే మధ్యలో నాలుగు ముక్కలు అతికించడం కంటే అంచుదాకా పరచడం ఎంతో మేలు.

అసలు ప్రమాదం చెక్క ఎత్తులో ఉంది. రెండు సెంటీమీటర్ల పళ్ళెం అంచును ఉలి నొక్కితే టేపు మీద పడే మీట బలం తక్కువ. పది సెంటీమీటర్ల ఎత్తున్న గిన్నె కొసను అదే బలంతో పక్కకు నొక్కితే ఆ మీట ఐదు రెట్లు అవుతుంది. అది గిన్నెను ఒక పక్క నుంచి లేపేస్తుంది. గోరు చేసే పనే ఇది. ఎత్తైన వస్తువులకు టేపు ఒక్కటే చాలదని నేను గట్టిగా చెబుతాను. ఎదుటి వైపు నుంచి చెక్కను నొక్కి పట్టే లేత్ భాగమైన టెయిల్‌స్టాక్‌ను ఆనించి తీరాలి. పలుచని వాటికైనా, వీలైనంత వరకు చెక్కను టేపు వైపు నొక్కేలా ఉలి నడపడం మంచిది. పదునైన ఉలితో సన్నగా తీయాలి. మొద్దు ఉలి ఒక్కసారి చెక్కలోకి దిగబడిందంటే ఆ కుదుపు టేపును లేపడానికి చాలు.

ఇక జిగురు సంగతి. ఫెవికాల్‌లా ఇది ఆరి గట్టిపడదు, ఎప్పటికీ మెత్తగానే ఉంటుంది. రబ్బరు లేదా అక్రిలిక్ పొడవాటి అణువులు చిక్కుపడి ఉండే ఈ పదార్థం, నొక్కితే చాలా నెమ్మదిగా పారి, ఎదుటి ఉపరితలంలోని సూక్ష్మమైన గుంటల్లోకి చేరుతుంది. అంత దగ్గరకు చేరాకే అణువుల మధ్య ఆకర్షణ పనిచేస్తుంది. 3ఎం కంపెనీ శాస్త్రవేత్త కార్ల్ డాల్‌క్విస్ట్ 1960ల్లో దీనికి ఒక హద్దు చెప్పాడు: జిగురు దృఢత్వం సుమారు 3 లక్షల పాస్కల్‌ల (ఒత్తిడిని, దృఢత్వాన్ని కొలిచే ప్రమాణం) కంటే తక్కువ ఉంటేనే అది తాకగానే అంటుకుంటుంది. కర్ర దృఢత్వం నార పొడవునా దాదాపు వెయ్యి కోట్ల పాస్కల్‌లు. దాంతో పోలిస్తే అంత మెత్తనిది కాబట్టే జిగురు ఆ గుంటల్లోకి దిగగలుగుతుంది.

మధ్యలో రంపపు పొట్టు ఉంటే జిగురు పొట్టుకే అంటుకుంటుంది, చెక్కకు కాదు. కాబట్టి రెండు ముఖాలనూ చదును చేసి, దుమ్ము పూర్తిగా తుడవాలి. నార అడ్డంగా తెగిన కొస వైపు రంధ్రాలమయం, అక్కడ పట్టు అంతంతమాత్రం. అంటించాక టెయిల్‌స్టాక్‌తో కొన్ని నిమిషాలు గట్టిగా నొక్కి ఉంచితే జిగురు పారడానికి సమయం దొరుకుతుంది. టేపు గుడ్డ పొర ఉన్న పలుచనిదై ఉండాలి. ఫోమ్ టేపు వద్దు, చెక్క దాని మీద ఊగుతుంది.

వేడి విషయంలో మన ఏటికొప్పాక బొమ్మల పని గుర్తుకొస్తుంది. అక్కడ లేత్ మీద తిరుగుతున్న అంకుడు కర్రకు లక్క కడ్డీని అదిమి పెడతారు. రాపిడి వేడికే లక్క కరిగి బొమ్మకు రంగై అంటుకుంటుంది. ఆ కళాకారులకు అన్నం పెట్టే ఆ రాపిడి వేడే టేపుకు శత్రువు. ఎమరీ పేపరును ఒకేచోట అదిమి రుద్దితే పలుచని చెక్క గుండా వేడి జిగురును చేరి, దాన్ని మరింత మెత్తబరుస్తుంది. పనంతా సవ్యంగా సాగి, చివర్లో నున్నన చేసేటప్పుడు చెక్క ఎగిరిపోవడానికి ఇదొక కారణం. రుద్దేటప్పుడు చెయ్యి తేలిగ్గా ఆడించాలి, మధ్యమధ్యలో చెక్కను ముట్టి చూడాలి, లేత్ ఆపాకే సుమా.

వేగం కూడా అదుపులో ఉండాలి. 300 గ్రాముల చెక్క బరువు కేంద్రం ఇరుసుకు 2 మిల్లీమీటర్లు పక్కకు ఉంటే, నిమిషానికి వెయ్యి చుట్ల దగ్గర అది సుమారు 670 గ్రాముల బరువంత బలంతో లాగుతుంది. వేగం రెట్టింపయితే ఆ లాగుడు నాలుగు రెట్లు, అంటే దాదాపు 2.7 కిలోలు. ముఖానికి షీల్డు పెట్టుకుని, లేత్ ఆన్ చేసేటప్పుడు చెక్క ఎగిరే దారిలోంచి పక్కకు నిలబడాలి.

పని అయ్యాక ఊడదీయడానికి తొందరపడొద్దు. గభాలున లాగితే ఈ జిగురు గట్టి పదార్థంలా ఎదురు తిరుగుతుంది, పలుచని పళ్ళెం విరిగే ప్రమాదం ఉంది. అదే జిగురు మీద చిన్న బలం ఎక్కువసేపు పనిచేస్తే అది ద్రవంలా సాగి వదిలేస్తుంది. అంచు దగ్గర ఒక చెక్క సీలను మెల్లగా దూర్చి, ఒత్తిడి తగ్గించకుండా పట్టుకుంటే కాసేపటికి దానంతటదే విడిపోతుంది. మిగిలిన జిగురును కొద్దిగా స్పిరిట్ అద్దిన గుడ్డతో తుడవొచ్చు.