ఒకరికి పనిచేసిన నొప్పి మాత్ర ఇంకొకరికి ఎందుకు పనిచేయదు?

పోర్టులో బరువులు మోసి నడుం పోయినవాళ్లు, షుగరుతో అరికాళ్లు మండేవాళ్లు, శ్రీకాకుళం నుంచి తెల్లారకముందే బయల్దేరి కేజీహెచ్ ఆసుపత్రికి వచ్చేవాళ్లు... విశాఖలో ఏళ్ల తరబడి నొప్పితో బతికేవాళ్లు ఎందరో. వాళ్లలో ఎవరైనా తమ నొప్పి మాత్ర గురించి "ట్రామడాల్ నాకు పనిచేయట్లేదండీ" అంటే, మత్తుకు అలవాటు పడ్డారేమోనని అనుమానిస్తారు. 2018లో ఆ మందు మత్తుమందులను నియంత్రించే ఎన్‌డీపీఎస్ చట్టం కిందికి వచ్చింది కాబట్టి జాగ్రత్త అవసరమే. కానీ రోగి చెప్పేది నిజం కావచ్చని సైన్సు ఎప్పుడో తేల్చింది.

మందు పడకపోవడానికి వంశపారంపర్య కారణం ఉండొచ్చని 1957లో ఆర్నో మోటుల్‌స్కీ రాశారు. 1959లో ఫ్రీడ్రిష్ వోగెల్, మందులపై జన్యువుల ప్రభావాన్ని చూసే ఈ శాస్త్రానికి ఫార్మకోజెనెటిక్స్ అని పేరు పెట్టారు. అసలు మలుపు 1970లలో, లండన్‌లో వచ్చింది. రాబర్ట్ స్మిత్ అనే శాస్త్రవేత్త, సహచరులతో కలిసి డెబ్రిసోక్విన్ అనే బీపీ మందు వేసుకున్నారు. మిగతావాళ్లు బాగానే ఉన్నారు, ఆయనకు మాత్రం బీపీ ప్రమాదకరంగా పడిపోయింది. ఆ మందును విరిచే ఎంజైమ్ ఆయన శరీరంలో పనిచేయడం లేదు. కాలేయంలో ఉండే ఆ ఎంజైమే సీవైపీ2డీ6.

కోడీన్ అనే నొప్పి మందును ఒంట్లో అసలు నొప్పి తగ్గించే మార్ఫిన్‌గా మార్చేది ఇదే. ట్రామడాల్ బలం కూడా చాలావరకు దీని చేతిలోనే ఉంది. ఎంజైమ్ పనిచేయనివాళ్లకు ఈ మందులతో నొప్పి సరిగా తగ్గదు. అలాంటివాళ్లు ఐరోపా మూలాలున్నవారిలో 100కి 5 నుంచి 10 మంది. మన దేశంలో అంతకంటే తక్కువే, కానీ లేకపోలేదు. ఇంకొందరిలో ఆ ఎంజైమ్‌ను తయారుచేసే జన్యువు అదనపు కాపీలు ఉంటాయి. వాళ్లలో మార్ఫిన్ ఒక్కసారిగా పెరిగి ఊపిరి మందగించవచ్చు. టాన్సిల్స్ ఆపరేషన్ తర్వాత కోడీన్ ఇచ్చిన పిల్లలు కొందరు చనిపోయారు. 2013లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ తీవ్ర హెచ్చరిక చేసింది, 2017లో 12 ఏళ్లలోపు పిల్లలకు కోడీన్ వద్దంది.

జన్యువు బాగున్నా నొప్పి మాత్ర పనిచేయకపోవచ్చు. డిప్రెషన్‌కు వాడే ఫ్లూఆక్సెటిన్, పారాక్సెటిన్ ఈ ఎంజైమ్‌ను అడ్డుకుంటాయి. అందుకే వేసుకునే మాత్రలన్నీ డాక్టరుకు చూపించాలి.

మందు పనిచేయడమే కాదు, దానితో వచ్చే ప్రమాదం కూడా జన్యువును బట్టి ఉంటుంది. ముఖంలో కరెంటు షాకులా కొట్టే నరం నొప్పికి కార్బమజెపిన్ ఇస్తారు. హెచ్‌ఎల్‌ఏ-బి*15:02 అనే జన్యు రకం ఉన్నవారికి ఈ మందుతో ఒళ్లంతా చర్మం ఊడిపోయే ప్రమాదం ఎక్కువని 2004లో తైవాన్ పరిశోధకులు కనుక్కున్నారు. ఆసియా మూలాలున్నవారికి ముందే రక్తపరీక్ష చేయాలని 2007లో ఎఫ్‌డీఏ చెప్పింది. జన్యువు మారదు కాబట్టి ఆ పరీక్ష జీవితంలో ఒక్కసారి చేయించుకుంటే చాలు.