పాత ఓఎస్‌లలో డిస్క్ సైజు హద్దులు: అపోహలు, వాస్తవాలు

విండోస్ ఎక్స్‌పీ, విండోస్ 2000 లాంటి పాత ఓఎస్‌ల (ఆపరేటింగ్ సిస్టమ్‌ల) మీదే నడిచే పరికరాలు ఇప్పటికీ ఉన్నాయి. వాటిలో పాత డిస్క్ పోతే పెట్టడానికి దొరికేది పెద్ద డిస్కే. పోయిన డేటాను బయటకు తీసే మా పనిలో ఈ అపోహలు తరచూ వినిపిస్తాయి.

అపోహ: ఫ్యాట్32 అంటే 32 జీబీ దాకానే.

కాదు. ఫ్యాట్32 అనేది డిస్క్‌లో ఫైళ్లను అమర్చే ఒక పద్ధతి, అంటే ఫైల్ సిస్టమ్. 32 జీబీ అనేది విండోస్ 2000, ఎక్స్‌పీల ఫార్మాట్ టూల్‌కు పెట్టిన హద్దు. వేరే టూల్‌తో ఫార్మాట్ చేసి ఇస్తే అదే ఎక్స్‌పీ అంతకన్నా పెద్ద వాల్యూమ్‌ను (ఫార్మాట్ చేసిన డిస్క్ భాగాన్ని) శుభ్రంగా చదువుతుంది, రాస్తుంది. డిస్క్‌ను విభజించే చిన్న ముక్కలే సెక్టార్లు; 512 బైట్ల సెక్టార్లతో అసలు హద్దు 2 టీబీ.

అపోహ: చోటు ఉన్నా పెద్ద ఫైల్ కాపీ కావట్లేదంటే పెన్‌డ్రైవ్ పాడైనట్టే.

ముందు ఫైల్ సైజు చూడండి. ఫ్యాట్32 ఒక్కో ఫైల్ సైజును 32 బిట్లలోనే రాసుకుంటుంది కాబట్టి 4 జీబీకి ఒక బైటు తక్కువ వరకే కుదురుతుంది. విండోస్ వాడే మరో ఫైల్ సిస్టమ్ ఎన్‌టీఎఫ్‌ఎస్‌లో ఈ ఇబ్బంది లేదు.

అపోహ: పాత ఓఎస్‌కు డిస్క్ మరీ పెద్దదైతే తక్కువ చూపిస్తుంది, అంతే. డేటాకు ఢోకా లేదు.

నన్ను అన్నిటికన్నా భయపెట్టేది ఈ నమ్మకమే. డిస్క్‌ను కంప్యూటర్‌కు కలిపే పాత ఐడీఈ పద్ధతిలో సెక్టార్ నంబరుకు 28 బిట్లే. అంటే 26,84,35,456 సెక్టార్లు. ఒక్కోటి 512 బైట్లు, మొత్తం 137 జీబీ. విండోస్ 1024తో లెక్కవేస్తుంది కాబట్టి దీన్నే 128గా చూపిస్తుంది. (500 జీబీ డిస్క్ 465గా కనిపించడమూ ఇందుకే, ఎవరూ మోసం చేయలేదు.) తర్వాత వచ్చిన 48 బిట్ల పద్ధతిని ఎక్స్‌పీ సర్వీస్ ప్యాక్ 1 (మైక్రోసాఫ్ట్ ఇచ్చిన అప్‌డేట్ల కట్ట) నుంచే అందుకుంది. విండోస్ 2000కు సర్వీస్ ప్యాక్ 3తో పాటు రిజిస్ట్రీలో (విండోస్ తన సెట్టింగులు దాచుకునే చోట) ఒక సెట్టింగ్ కూడా మార్చాలి.

ఇప్పుడు కొత్త సిస్టమ్‌లో 250 జీబీతో ఒకే పార్టిషన్ (డిస్క్‌లో ఒక విభాగం) చేసి, ఆ డిస్క్‌ను సర్వీస్ ప్యాక్ లేని ఎక్స్‌పీకి తగిలించారనుకోండి. సైజు పూర్తిగానే కనిపించవచ్చు, ఫైళ్లూ తెరుచుకుంటాయి. కానీ 137 జీబీ దాటిన చోట రాయబోతే నంబరులో పై బిట్లు తెగిపోయి, ఆ రాత డిస్క్ మొదటి భాగంలో పడుతుంది. పార్టిషన్ టేబుల్ (విభాగాల పట్టిక), బూట్ సెక్టార్ ఉండేది అక్కడే. చాలాకాలం బాగా నడిచి ఒక్కసారిగా అంతా పోయిందనే కేసుల్లో నేను మొదట అనుమానించేది దీన్నే. అలాంటప్పుడు చెక్‌డిస్క్ (డిస్క్ తప్పులు సరిచేసే విండోస్ టూల్) నడపకండి, ఏమీ రాయకండి, డిస్క్ తీసి పక్కన పెట్టండి. ఓఎస్‌ను అప్‌డేట్ చేసే వీల్లేకపోతే పార్టిషన్‌ను 137 జీబీ (విండోస్ లెక్కలో 128) లోపే ముగించి మిగతా చోటును ఖాళీగా వదిలేయండి. ఆ చోటు పోయినా ఫర్వాలేదు.

అపోహ: ఎన్‌టీఎఫ్‌ఎస్ చేస్తే 2 టీబీ దాటుతుంది.

ఇక్కడ అడ్డం ఫైల్ సిస్టమ్ కాదు, ఎంబీఆర్ అనే పాత తరహా పార్టిషన్ టేబుల్. అందులో సెక్టార్ నంబర్లకు 32 బిట్లే, అంటే 512 బైట్ల సెక్టార్లతో 2 టీబీ దాకానే. 3 టీబీ డిస్క్ 746 జీబీగా కనిపించిందంటే 2 టీబీ తీసేశాక మిగిలిన లెక్క అది. డిస్క్ బాగానే ఉంది. ఎంబీఆర్ తర్వాత వచ్చిన జీపీటీ అనే పార్టిషన్ టేబుల్‌కు మారాలి, కానీ 32 బిట్ల ఎక్స్‌పీ జీపీటీ డిస్క్‌ను చదవలేదు.

"మరి నా 3 టీబీ యూఎస్‌బీ డిస్క్ ఎక్స్‌పీలో పనిచేస్తోందిగా" అంటారు కొందరు. నిజమే. డిస్క్‌ను లోపల పెట్టే కొన్ని యూఎస్‌బీ కేసులు (పెట్టెలు) సెక్టార్‌ను 4096 బైట్లుగా చూపిస్తాయి, దాంతో అదే ఎంబీఆర్ 16 టీబీ దాకా సరిపోతుంది. అయితే ఆ డిస్క్‌ను కేసులోంచి తీసి నేరుగా కేబుల్‌కు తగిలిస్తే సెక్టార్ మళ్లీ 512 అవుతుంది, పార్టిషన్ కనిపించదు. విండోస్ ఫార్మాట్ చేయమంటే ఒప్పుకోకండి. డేటా చెక్కుచెదరలేదు, తిరిగి అదే కేసులో పెట్టి చూడండి. కేసే పాడైతే అదే మోడల్ కేసు ఇంకోటి వెతకండి.