బోర్డర్ కోలీకి పచ్చి మాంసం: లెక్క తప్పేది ఎముక దగ్గరే

"తోడేలు వంట చేసుకుంటుందా? మరి కుక్కకెందుకు వండి పెట్టడం?" బోర్డర్ కోలీని పెంచుకునేవాళ్లు తరచూ అడిగే ప్రశ్న ఇది. గొర్రెల మందను కళ్లతోనే కట్టడి చేసే జాతి, రోజంతా పరిగెత్తినా అలుపెరగని జాతి కాబట్టి పచ్చి మాంసమే దాని అసలు తిండి అని నమ్ముతారు. ఆస్ట్రేలియా పశువైద్యుడు ఇయాన్ బిలింగ్‌హర్స్ట్ 1993లో ఎముకలతో కలిపి పెట్టే పచ్చి తిండిని ప్రచారంలోకి తెచ్చాక ఈ నమ్మకం దేశాలు దాటింది.

తోడేలు వాదన ఈ జాతి విషయంలో అసలు నిలవదు. ఈ కుక్కలు ఇంగ్లండ్, స్కాట్లండ్ సరిహద్దు కొండల్లో తయారయ్యాయి. ఇవాళ్టి బోర్డర్ కోలీలన్నిటికీ మూలంగా చెప్పే ఓల్డ్ హెంప్ అనే కుక్క 1893లో నార్తంబర్లాండ్‌లో పుట్టింది. అక్కడి కాపరులు కుక్కలకు పోసింది ఎక్కువగా ఓట్స్ జావ, పాలు. మన మందల వెంట తిరిగే కుక్కలు సంకటి ముద్దతో బతికినట్టే అవీ బతికాయి. జన్యువులూ ఇదే చెబుతున్నాయి. పిండిపదార్థాన్ని అరిగించే అమైలేజ్ ఎంజైమును తయారుచేసే జన్యువు తోడేలులో 2 ప్రతులే ఉంటే, కుక్కల్లో 4 నుంచి 30 దాకా ఉన్నాయని 2013లో తేలింది. పచ్చి మాంసం పెడితే రక్తం రుచి మరిగి కరుస్తుందనే భయం కూడా ఇలాంటిదే. కోలీ మందను తరమడం పుట్టుకతో వచ్చిన వేట అలవాటులో ఒక ముక్క, దానికీ గిన్నెలోని తిండికీ సంబంధం లేదు.

పచ్చి మాంసం పెట్టి కుక్కను ఆరోగ్యంగా ఉంచడం సాధ్యమే, కానీ తూకం వేసి పెట్టాలి. కంటి అంచనాతో పెట్టేవాళ్లు ముందు శక్తి దగ్గర, ఆ తర్వాత ఎముక దగ్గర దెబ్బతింటారు.

శక్తి సంగతి త్వరగా చెప్పేస్తాను. 18 కిలోల కోలీ రోజుకు రెండు గంటలు బాగా పరిగెడితే దానికి సుమారు 1,140 కిలోకేలరీలు కావాలి. బరువులో 3 శాతం పెట్టమనే సూత్రం ప్రకారం అది 540 గ్రాముల మాంసం. తోలుతో ఉన్న కోడి మాంసమైతే 100 గ్రాములకు 215 కిలోకేలరీల లెక్కన 1,160 వస్తాయి, సరిపోతుంది. మన చికెన్ షాపుల్లో మామూలుగా కొట్టి ఇచ్చేది స్కిన్‌లెస్. అందులో 100 గ్రాములకు 120 మాత్రమే ఉంటాయి. అదే 540 గ్రాములు పెట్టినా కుక్కకు అందేది 650. రెండు నెలల్లో పక్కటెముకలు తేలతాయి, "కోలీలు అంతే, సన్నగా ఉంటాయి" అనుకుంటారు. తోలుతో కొట్టించుకోవాలి, నెలకోసారి కుక్కను తూచాలి.

ఇక అసలు విషయం. ఆ 540 గ్రాముల బోన్‌లెస్ కోడి మాంసంలో భాస్వరం సుమారు 900 మిల్లీగ్రాములు, కాల్షియం మాత్రం 60. కుక్క తిండిలో భాస్వరం ఒక పాలుంటే కాల్షియం కనీసం ఒక పాలు, రెండు పాళ్లకు మించకుండా ఉండాలి. ఇక్కడ పదిహేనో వంతే ఉంది. మేక మాంసమైనా గొడ్డు మాంసమైనా కథ ఇంచుమించు ఇదే.

బడిలో కాల్షియం అంటే ఎముకల బలం అని ఒక్క మాటతో సరిపెడతారు. గుండె కొట్టుకోవడానికీ, కండరం ముడుచుకోవడానికీ, నరం సంకేతం పంపడానికీ రక్తంలో కాల్షియం ఒకే మట్టంలో ఉండాలన్న సంగతి అక్కడ వదిలేస్తారు. కుక్క రక్తంలో ఆ మట్టం డెసిలీటరుకు సుమారు 9 నుంచి 11 మిల్లీగ్రాములు. దీన్ని ఊరి చెరువుతో పోలిస్తే బాగా అర్థమవుతుంది. ఒంట్లోని కాల్షియంలో 99 శాతం ఎముకల్లో ఉంటుంది, అది చెరువు. రక్తం పంటకాలువ. మెడలో థైరాయిడ్‌ను అంటుకుని ఉండే నాలుగు చిన్న పారాథైరాయిడ్ గ్రంథులు తూము దగ్గర కూర్చున్న నీరటికాడు. మూత్రపిండాలు అలుగు.

ఉత్త మాంసం తిన్న రోజు రక్తంలోకి భాస్వరం ఎక్కువగా, కాల్షియం తక్కువగా చేరతాయి. కాలువ మట్టం అంగుళం తగ్గగానే నీరటికాడు పారాథైరాయిడ్ హార్మోన్ వదిలి తూము ఎత్తుతాడు. చెరువు నుంచి కాల్షియం ఒక్కటే రాదు. ఎముక ఖనిజంలో కాల్షియం రెండు పాళ్లు, భాస్వరం దాదాపు ఒక పాలు కలిసే ఉంటాయి కాబట్టి రెండూ కొట్టుకొస్తాయి. అక్కర్లేని భాస్వరాన్ని అలుగు మీదుగా మూత్రంలోకి పొర్లించమని, కాల్షియాన్ని మాత్రం పోనివ్వవద్దని మూత్రపిండాలకు చెప్పేది కూడా ఆ హార్మోనే. విటమిన్ డిని చురుకైన రూపంలోకి మార్చి, పేగు నుంచి కాల్షియాన్ని ఎక్కువగా లాగేలా చేసేదీ అదే. కానీ తిండిలోనే లేనిదాన్ని పేగు ఎక్కడి నుంచి లాగుతుంది? మర్నాడూ అదే తిండి, మళ్లీ తూము ఎత్తడమే. కొన్ని నెలలకు గ్రంథులు ఉబ్బుతాయి, తూము ఇక మూసుకోదు.

ఈ దశలో రక్తపరీక్ష చేయించి కాల్షియం 10 ఉందని నిశ్చింతగా ఉంటారు. వాళ్లు కొలిచింది కాలువను. కాలువ నిండుగా ఉండబట్టే చెరువు ఎండుతోంది. ఎక్స్‌రే కూడా ఆలస్యంగానే చెబుతుంది, ఎముకలోని ఖనిజం సుమారు మూడో వంతు పోతేగాని ఫిల్ములో తేడా తెలియదు. ముందుగా కరిగేది దవడ. పళ్ల చుట్టూ ఉండే ఎముక నిరంతరం అరుగుతూ పూడుతూ ఉంటుంది కాబట్టి తూము ఎత్తితే మొదట అక్కడే మట్టం పడుతుంది. పళ్లు కదులుతాయి. నడుము పట్టేసినట్టు నడుస్తుంది, కారులోకి ఎగరడానికి వెనకాడుతుంది. పని పిచ్చి ఉన్న కోలీ నొప్పిని దాచుకుని బంతి వెంట పరిగెడుతుంది గనుక ఇంట్లోవాళ్లకు ఇంకా ఆలస్యంగా తెలుస్తుంది.

పెరుగు పోస్తున్నాం కదా అంటారు. 100 గ్రాముల పెరుగులో కాల్షియం 120 మిల్లీగ్రాములే, భాస్వరమూ దాదాపు అంతే ఉంటుంది. అందుకే కిలో పెరుగు పోసినా లోటు పూడదు.

గుడ్డుపెంకు పొడి చాలా మంచి ఉపాయం. పెంకులు కడిగి, పది నిమిషాలు మరిగించి, ఎండబెట్టి, మిక్సీలో మెత్తగా తిప్పి పలచటి గుడ్డలో జల్లించాలి. బరకగా ఉంటే అరగకుండా మలంలో వెళ్లిపోతుంది. ఒక గ్రాము పొడిలో సుమారు 0.38 గ్రాముల కాల్షియం ఉంటుంది. పై 540 గ్రాముల మాంసానికి మూడున్నర గ్రాములు కలిపితే కాల్షియం 1.4 గ్రాములకు చేరి, నిష్పత్తి 1.5కు 1 అవుతుంది. గ్రాములు చూపే చిన్న డిజిటల్ తక్కెడతో తూచండి, చెంచా కొలత మనిషిమనిషికీ మారుతుంది.

బోన్ మీల్ (ఎముకల పొడి) అయితే ఇదే పని చేయడానికి 13 గ్రాములు కావాలి. అందులో కాల్షియంతో పాటు భాస్వరం కూడా వస్తుంది, కాబట్టి దాని భాస్వరానికి కూడా సరిపడా కాల్షియం పోయాలి. తినడానికి తయారైన బోన్ మీలే వాడాలి, మొక్కలకు వేసే ఎరువు పనికిరాదు. పచ్చి ఎముకతోనే ఇవ్వాలనుకుంటే మొత్తం తిండిలో ఎముక పదో వంతు ఉండాలి. కోడి మెడల్లో ఎముక సుమారు మూడో వంతు, కాబట్టి 150 నుంచి 160 గ్రాముల మెడలు తీసుకుని అంత మాంసం తగ్గించాలి. కోలీ ఆత్రంగా మింగి గొంతుకు అడ్డం పడే ప్రమాదం ఉంది, రోట్లో నలగ్గొట్టి పెట్టడం మేలు. మలం సుద్దముక్కలా తెల్లగా వచ్చి పొడిపొడిగా రాలిపోతే ఎముక ఎక్కువైనట్టు. ఉడికించిన ఎముక మాత్రం ఎప్పుడూ పెట్టకండి, సూదుల్లా చీలుతుంది.

ఈ లెక్క పెద్ద కుక్కలకే. పిల్లకు ప్రతి 1,000 కిలోకేలరీలకూ కాల్షియం 3 గ్రాములు, భాస్వరం 2.5 గ్రాములు కావాలి. తోలు మాంసంలో భాస్వరమే 0.8 గ్రాములకు మించదు, అంటే పిల్లకు గుడ్డుపెంకు ఒక్కటే చాలదు. పోనీ కాస్త ఎక్కువ పోద్దామంటే ఆరు నెలల లోపు పేగు అదనపు కాల్షియాన్ని ఆపలేదు, కీళ్ల మృదులాస్థి సరిగ్గా ఎముకగా మారదు. ఏడాది నిండేదాకా ఇంట్లో సొంతంగా కలిపిన పచ్చి తిండి వద్దనే నా గట్టి మాట.

మిగతావి క్లుప్తంగా. మేక కార్జం రోజుకు 27 గ్రాములు చాలు. చవకగా దొరికిందని 200 గ్రాములు పెడుతూపోతే ఒంట్లో విటమిన్ ఎ పేరుకుంటుంది. గొంతుగొట్టం ముక్కలకు థైరాయిడ్ గ్రంథి అంటుకుని రావచ్చు, అది తిన్న కుక్కకు గుండె దడ పట్టుకుంటుంది, బరువు తగ్గుతుంది. పది నిమిషాల ఆటకే తూలి పడిపోయి అరగంటలో కోలుకునే కోలీలున్నాయి. అది ఈ జాతిలో వంశపారంపర్యంగా కనిపించే సమస్య, ఎంత మాంసం పెట్టినా పోదు.

చివరగా బద్దెపురుగు. హైడాటిడ్ అనే ఈ పురుగు కుక్క పేగులో అర సెంటీమీటరు పొడవుంటుంది. దాని గుడ్లు గొర్రెకు చేరితే కార్జంలో, ఊపిరితిత్తుల్లో నీటితిత్తులు కడతాయి. ఆ పచ్చి బోటీ, కార్జం తిన్న కుక్కకు మళ్లీ పురుగు పడుతుంది. కుక్కను నిమిరిన చేతి ద్వారా గుడ్లు మనిషికి చేరితే అవే తిత్తులు మన కాలేయంలో కడతాయి. మన దేశంలో ఈ జబ్బు ఎక్కువగా కనిపించే చోట్లలో ఆంధ్ర ప్రాంతం ఒకటి. గొర్రెలూ కోలీలూ నిండిన న్యూజిలాండ్ 1959లో దీనిమీద చట్టం చేసి, 2002లో తాత్కాలికంగా విముక్తి ప్రకటించుకుంది. తొలిరోజుల్లో అక్కడ కుక్కలకు వక్కలో ఉండే అరెకోలిన్ ఇచ్చి విరేచనం చేయించి, పురుగుల కోసం వెతికేవారు.

ఇప్పుడు ప్రాజిక్వాంటెల్ అనే మందు ఉంది. కిలోకు 5 మిల్లీగ్రాములు, అంటే 18 కిలోల కుక్కకు 90, ఆరు వారాలకోసారి. కుక్కలో చేరిన పురుగు గుడ్లు పెట్టేలోపే చస్తుంది. దీని బదులు ఐవర్‌మెక్టిన్ సూది వేయించడం దండగ, అది బద్దెపురుగు మీద పనిచేయదు. పైగా కోలీ జాతుల్లో, మందును మెదడులోకి పోకుండా ఆపే ఎండీఆర్1 జన్యువు దెబ్బతిన్న కుక్కలకు పెద్ద మోతాదు ప్రాణాంతకం. బోర్డర్ కోలీల్లో ఆ లోపం అరుదే అయినా పరీక్ష లేకుండా వేయించకూడదు.

న్యూజిలాండ్ నియమం ప్రకారం గొర్రె, మేక మాంసాన్ని మైనస్ 10 డిగ్రీలు లేదా అంతకన్నా చల్లగా 10 రోజులు గడ్డకట్టించి పెట్టాలి, లేదా ముక్క లోపల 72 డిగ్రీలు వచ్చేలా వండాలి. గడ్డకడితే తిత్తులు చస్తాయి గాని సాల్మొనెల్లా బాక్టీరియా చావదు, కాబట్టి కత్తి, పీట, గిన్నె వేరుగా ఉంచి సబ్బు, వేడినీళ్లతో కడగాలి. సింగిల్ డోర్ ఫ్రిజ్‌లోని చిన్న అర చాలాసార్లు మైనస్ 10 అందుకోదు. లోపల ఒక థర్మామీటరు పెట్టి ఉదయం, సాయంత్రం చూడండి. కరెంటు పోయి మాంసం మెత్తబడితే ఆ పది రోజుల లెక్క మళ్లీ ఒకటి నుంచి మొదలు.